అటకమీది చందమామలు



నేడు నేను ముచ్చటింపదలచినది ఒక పిల్లల పత్రికనుగూర్చి. పిల్లల పత్రికనుగూర్చి పెద్దలతో ప్రసంగించుట యేమని మీలో కొందరు నవ్వవచ్చును. కాని యీ పత్రికను పిల్లలకన్న ముందుగా చదివినవారు పెద్దలే. తపాలా జవాను అరుగుమీద వేసి పోయిన చందమామను, పిల్లలు బడినుండి వచ్చులోపల, తాతగారు కండ్లజోడు సవరించుకొని విప్పెడివారు. బేతాళకథ ముగియువరకు అది మనుమని చేతికి వచ్చెడిది కాదు. తాతగారి మోకాలివద్ద ఆవిధముగా కాచుకొని కూర్చుండిన మనుమలే నేడు మీరును నేనును.

చందమామ 1947 జూలై నెలలో, మనకు స్వాతంత్ర్యము వచ్చుటకు నెల ముందుగా, మద్రాసు నగరమున వెలువడినది. దానిని స్థాపించినవారు బి. నాగిరెడ్డిగారును చక్రపాణిగారును. చక్రపాణిగారి అసలు పేరు ఆలూరి వెంకటసుబ్బారావు. వారిది తెనాలి ఐతానగరము. 1952 మొదలు 1980లో గతించువరకు ఆ పత్రికకు భాషను దిద్ది, కథలను తీర్చిన కొడవటిగంటి కుటుంబరావుగారిదియు తెనాలియే. పత్రిక అచ్చుపడినది మద్రాసులో. దాని పలుకుబడి మాత్రము మన కృష్ణ కాలువల నీరు త్రాగినవారిది. ఈ నాగిరెడ్డి చక్రపాణిగార్లే విజయా సంస్థ పేర 1951లో పాతాళభైరవిని, 1957లో మాయాబజారును తీసిరి. ఆ రెండు చిత్రములకు మాటలు వ్రాసిన పింగళి నాగేంద్రరావుగారు బందరులో పెరిగినవారు. వానిలో కథానాయకుడై, కృష్ణుడై కనుపించిన నందమూరి రామారావుగారు నిమ్మకూరువారు. కాబట్టి మాంత్రికులును, మాయలును, సాహసవంతులైన యువకులును గల ఆ కథాలోకము మనకు పరాయిది కాదు. మన లంకలలో, మన తోటలలో మొలచినదే.

నేను చందమామ పుట్టిన సంవత్సరముననే పుట్టితిని. మా గ్రామము బందరు కాలువ ప్రక్కనున్నది. మా నాయనగారు చందాదారులు. సంవత్సరమునకు పండ్రెండు సంచికలు రాగానే, వానిని బందరు పంపి, గట్టి అట్టలు వేయించి, వెనుక సంవత్సరము అంకె వ్రాయించి, అటకమీద వరుసగా పెట్టెడివారు. మా యక్కయ్య నాకన్న ఆరేండ్లు పెద్దది. అయిదవ తరగతితో ఆమెను బడి మాన్పించిరి. అటుపిమ్మట ఆమెకు బడియు, గురువును చందమామయే. రాత్రి భోజనములైన తరువాత లాంతరు ముందు కూర్చుండి ఆమె చదువుచుండగా నేను బొమ్మలు చూచెడివాడను. పుట త్రిప్పుటకు ముందు ఆమె ఒక క్షణము ఆగెడిది. ఆ ఆగుటలో నాకు గుండె కొట్టుకొనెడిది.

ఒక యేడు దీపావళి సంచిక మా యింట కనుపింపలేదు. అట్టలు వేయించుటకు సంచికలను లెక్కించినప్పుడు పదునొకండే యున్నవి. ఇంటిలో పుస్తకములను చెల్లాచెదరు చేయువాడను నేనే గావున నేరము నామీద పడినది. నేను తీయలేదని యెంత మొరపెట్టినను నాయనగారు నమ్మలేదు. రెండు దెబ్బలు తగిలినవి. ఆ సంవత్సరపు సంపుటము పదునొకండు సంచికలతోనే అట్టలు కట్టుకొనినది. తరువాత కొలది నెలలకే అక్కయ్యకు గుడివాడ ప్రాంతమున వివాహమై, ఆమె అత్తవారింటికి వెళ్లిపోయినది.

ఇక నా తప్పును చెప్పుకొనవలెను. 1986లో మా పెంకుటిల్లు పడగొట్టి డాబా వేయించితిమి. నాయనగారు అప్పటికి లేరు. అటకమీది సామాను అంతయు పెరటిలో పోసితిమి. పాతకాగితములు కొను మనిషి తక్కెడ పట్టుకొని వచ్చెను. "బాబుగారూ, ఇవి బరువుగా ఉన్నవి, ఈ అట్టలు తీసివేసి తూచుకొందును" అనెను. నేను సరే యంటిని. నాయనగారు వేయించిన అట్టలను అతడు నా కనులయెదుట చించి ప్రక్కన పారవైచెను. సుమారు ముప్పది సంవత్సరముల చందమామలు ఒక రిక్షాలో వెళ్లిపోయినవి. వచ్చిన సొమ్ము ఆనాటి పనివాండ్ర కాఫీలకు సరిపోయినది. అప్పుడు నాకు విచారము కలుగలేదని చెప్పుటకే ఇప్పుడు సిగ్గగుచున్నది.

మరుసటి సంక్రాంతికి అక్కయ్య వచ్చినది. క్రొత్తయిల్లంతయు తిరిగి చూచినది. "ఏరా తమ్ముడూ, మన చందమామలు ఏవిరా?" అని యడిగినది. నేను తలవంచుకొని, "చెదలు తినేసినవి అక్కయ్యా" అంటిని. ఆమె నా ముఖమువంక కొంతసేపు చూచి, "పోనీలేరా" అనినది. అంతే. తరువాత ఎన్నడును ఆ ప్రస్తావన తేలేదు.

కొన్ని సంవత్సరముల క్రిందట అక్కయ్య కాలము చేసినది. పెద్దకర్మ అయిన తరువాత నా మేనల్లుడు ఆమె పెండ్లినాటి ట్రంకుపెట్టె తెచ్చి, "మామయ్యా, అడుగున ఇది ఉన్నది. నీకిమ్మని అమ్మ చెప్పినది" అని ఒక పాత పుస్తకమును నా చేతిలో పెట్టెను. ముఖపత్రము లేదు. నెలయు సంవత్సరమును తెలుపు పుట చినిగిపోయినది. కాని మొదటి బొమ్మ చూడగానే నాకు తెలిసినది. అది నాకు దెబ్బలు తినిపించిన దీపావళి సంచిక. అత్తవారింటికి వెళ్లునపుడు ఆమె చీరల నడుమ దాచుకొని తీసికొనిపోయినది. నేను చెదలు తినినవని చెప్పినపుడు, తన పెట్టెలో ఒకటి మిగిలియున్నదని ఆమె చెప్పలేకపోయినది. చెప్పినచో చిన్ననాటి దొంగతనము బయటపడును. ఆమెకొక రహస్యము, నాకొక అబద్ధము. రెండును ఆ నాటి సంక్రాంతినాడు ఎదురెదురుగా కూర్చుండి అరిసెలు తినినవి.

ఆ సంచిక అంచులలో పెన్సిలుతో అక్షరములు దిద్దియున్నవి. కొన్ని మేనల్లునివి, కొన్ని అతని బిడ్డలవి. రెండు తరములవారు దానిమీద ఓనమాలు నేర్చిరి. నాయనగారు భద్రముగా అట్టలు వేసి దాచినవన్నియు నా చేతిమీదుగా తక్కెడకెక్కినవి. దొంగిలింపబడినది మాత్రము బ్రదికినది.

పాత చందమామలను ప్రేమించువారు విజయవాడలో కొందరున్నారని విని, ఒక ఆదివారము దానిని సంచిలో పెట్టుకొని బయలుదేరితిని. ఏలూరు రోడ్డు పుస్తకములకు పెట్టినది పేరని మీరెరుగుదురు. ఆ చుట్టుప్రక్కల పాతపుస్తకములు వెదకుచు ఒకరినొకరు పరిచయము చేసికొనినవారు వారు. సంఘమని గాని, అధ్యక్షుడని గాని లేదు. ఒకరు తపాలాశాఖలో పనిచేసి విశ్రాంతి తీసికొన్నవారు. ఒకరు దుకాణములకు పేరుపలకలు వ్రాయువారు. ఒక చిన్నది ఇంజనీరింగు చదువుచు కంప్యూటరుమీద బొమ్మలు వేయునది. మరియు ముగ్గురు నలుగురు. వీరందరును చాపమీద వలయముగా కూర్చుండి, నా సంచికను నడుమ పెట్టి, పుట తరువాత పుట త్రిప్పిరి. పురాణకాలక్షేపమునకు కూర్చుండినట్లే యుండెను.

ముందుగా, అది యేనాటిదని విచారణ చేసిరి. అందు బేతాళకథ యున్నది. చందమామలో బేతాళకథలు ప్రారంభమైనది 1955లో. కావున అంతకు ముందుది కాదు. వెనుక పుటలలోని ప్రకటనలో వెల అణాలలో నున్నది. మన దేశమున నయాపైసలు వచ్చినది 1957 ఏప్రిలు 1వ తేదీన. కావున అటు తరువాతిది కాదు. ఆ నడుమ దీపావళులు రెండే, 1955, 1956. తపాలా పెద్దమనిషి నవ్వి, "ఇక ఈ రెండిటిలో ఏదో తేల్చుటకు మీ దెబ్బల తారీఖు జ్ఞాపకముండవలెను" అనెను.

ఆ పిమ్మట బొమ్మలనుగూర్చి చర్చ సాగినది. దీపావళి సంచిక యనగా ఒక్కరి చేతిపని కాదు. పలువురు చిత్రకారులు ఒకే పందిరిక్రింద వడ్డించిన విందు అది. ఆ బొమ్మలనే నేను అరువది యేండ్లకు పైగా మనసులో మోసితిని. కాని అవి వేరువేరు చేతులవని నాకు తోచలేదు. నాటి రాత్రి లాంతరు ముందు అవి యన్నియు ఒకే లోకమువి. వాని తేడా చూచుట ఆ చాపమీద నేర్చుకొంటిని.

శంకర్ అను సంతకము చేసినవారు కె.సి. శివశంకరన్. 1924లో తమిళదేశమున జన్మించి, మద్రాసు ప్రభుత్వ చిత్రకళాశాలలో చదివి, 1952లో చందమామలో చేరి, సుమారు అరువది సంవత్సరములు అచ్చటనే బొమ్మలు వేసిరి. భుజముమీద శవమును, చేత ఖడ్గమును ధరించి శ్మశానమున నడచు విక్రమార్కుని రూపము వారిదే. వారి బొమ్మలో దేవాలయమున్నచో ప్రతి స్తంభమునకు పోగరపని యుండును. రాజసభ యున్నచో వెనుక వరుసలోని భటునికిని ఒక ముఖముండును. వారు 2020లో తొంబదియారవ యేట గతించిరి. మరుసటి యేడు ప్రభుత్వమువారు వారికి మరణానంతరము పద్మశ్రీ నిచ్చిరి.

మైసూరు ప్రాంతమునుండి వచ్చిన ఎం.టి.వి. ఆచార్యగారు మహాభారత పాత్రలకు దేహదార్ఢ్యమును, వెలుగునీడలను ఇచ్చిరి. వారి భీష్ముని చూచినపుడు కండరములలో ప్రతిజ్ఞ కనుపించును. వపా యని సంతకము చేసిన వడ్డాది పాపయ్యగారు 1921లో శ్రీకాకుళమున జన్మించి, కశింకోటలో చిత్రలేఖనోపాధ్యాయులై యుండి, తెలుగువారి ఋతువులను, పండుగలను, నడకను రంగులలో కరగించిరి. వారు 1992లో దివంగతులైరి.

నాకు భయమును, ధైర్యమును నేర్పినది మాత్రము చిత్రాగారు. అసలు పేరు టి.వి. రాఘవన్. ధారావాహిక కథలకు బొమ్మలు వారివి. వారి మాంత్రికుని గడ్డము, రాక్షసుని కోర, మొసలి వీపు, గుహద్వారము, కొండచరియపై వ్రేలాడు యువకుడు, వీనిని చూచినవారు మరువలేరు. పేరుపలకలు వ్రాయు ఆయన తన వ్రేలితో ఒక గీతను చూపి, "అయ్యా, నేను పనిలో చేరినపుడు మా గురువుగారు నాకు రంగుడబ్బా ఇయ్యలేదు. చిత్రాగారి బొమ్మ ఒకటి యిచ్చి, నూరుమారులు దిద్దుమనిరి. చేయి తిరిగినది దీనితోనే" అనెను. అతడు ఆ పుటకు చేయి జోడించి నమస్కరించెను. ఎవరును నవ్వలేదు.

అప్పుడు ఆ చిన్నది ఒక ప్రశ్న వేసినది. "బొమ్మక్రింద చిత్రా అని ఉంది కదా తాతగారూ. మరి కథ వ్రాసినవారి పేరేది?"

మేమందరము పుట త్రిప్పి చూచితిమి. పేరు లేదు. అది పొరపాటు కాదు. చందమామలో సంపాదకుడుగా చక్రపాణిగారి పేరు అచ్చుపడెడిది. లోపల పని సాగించిన కుటుంబరావుగారి పేరు సంపాదకుడుగా కనుపింపదు. దశాబ్దములపాటు తెలుగుబాలురను నిద్రపోనీయని ఆ ధారావాహికల రచయిత పేరును వానిపై నుండెడిది కాదు. కథ పత్రికది, కథకుడు తెరవెనుకవాడు అని ఆనాటి పద్ధతి.

ఆ కథకుడు దాసరి సుబ్రహ్మణ్యంగారు. 1932లో తెనాలి తాలూకాలో జన్మించిరి. 1952లో చందమామలో చేరిరి. 1954లో తోకచుక్కతో ప్రారంభించి, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూకమాంత్రికుడు అను పండ్రెండు ధారావాహికలను రచించిరి. వారి వీరులు తరచుగా జంటలు. పాతాళదుర్గమున ధూమకసోమకులు, శిథిలాలయమున శిఖిముఖి విక్రమకేసరులు, మాయాసరోవరమున జయశీలుడును సిద్ధసాధకుడును. ఒకడు తడబడినచోట రెండవవాడు నిలబడును. ఏ దేవుడును ఆకాశమునుండి దిగి వారిని కాపాడడు. బుద్ధిబలము, స్నేహబలము, కాళ్లలోని సత్తువ, ఇవియే వారి మంత్రములు. ఈ కథలకు బొమ్మలు వేసిన చిత్రాగారు 1978లో గతించిరి.

పెద్దలారా, అమెరికాదేశమునందును ఇట్టి కథయే యొకటి జరిగినది. 1938లో జెర్రీ సీగెల్, జో షుస్టర్ అను ఇద్దరు యువకులు సూపర్‌మాన్ అను మహాబలుని లోకమునకు పరిచయము చేసిరి. ఒకడు కథ వ్రాసెను, ఒకడు బొమ్మ వేసెను. ఆ పాత్రపై హక్కులన్నిటిని ప్రచురణకర్తలకు 130 డాలర్లకు వ్రాసియిచ్చిరి. పాత్ర ప్రపంచమంతయు ఎగిరెను. సృష్టించినవారి పేర్లు కాలక్రమమున పుటలనుండి తొలగిపోయినవి. వృద్ధాప్యమున వారు కష్టములలో నున్నారని తెలిసి, తోడి చిత్రకారులును అభిమానులును గొంతెత్తగా, 1975లో వారికి వార్షిక భృతియు, పేర్లు అచ్చువేయు మర్యాదయు లభించినవి. తరువాత 1984లో ఆ పత్రిక నాలుగువందలవ సంచిక వచ్చినపుడు, పలువురు ప్రసిద్ధ చిత్రకారులు తలకొక భాగముగా ఆ వీరుని తమతమ రీతుల చిత్రించిరి. నేటికిని అచ్చటివారు ఆ సంచికను ముందు పెట్టుకొని, ఈ గీత ఎవరిది, ఈ నీడ ఎవరిదని, మేము చాపమీద కూర్చుండి చేసినట్లే చర్చించుకొందురు. దేశము వేరు, వీరుడు వేరు. పుట ముందర కూర్చుండిన మనుష్యుని ముఖము ఒక్కటే.

మన సుబ్రహ్మణ్యంగారికిని ఆ మర్యాద అభిమానులవల్లనే లభించినది. పాత సంచికలను ఊరూర వెదకి, కంప్యూటరులో బొమ్మలుగా ఎక్కించి, ఒకరికొకరు పంచుకొని, ఈ కథలు వ్రాసినది ఫలానావారని లోకమునకు చాటినవారు సామాన్యపాఠకులు. ఆ కథలు తరువాత పుస్తకములుగా, రచయిత పేరుతో, అచ్చుపడినవి. ఆయన చివరి దినములను విజయవాడలోనే గడపి, 2010 జనవరిలో ఇచ్చటనే దేహము చాలించిరి.

ఈ మాట ఆ ఆదివారము విన్నపుడు నాకు నోట మాట రాలేదు. ఆ సంవత్సరములలో నేను పనులమీద ఎన్నిమారులు విజయవాడ వచ్చితినో! కాలువగట్టుమీద నడచితిని. బస్సుకై నిలువబడితిని. నా బాల్యమునంతటిని కట్టియిచ్చిన మనిషి అదే పట్టణములో ఒక యింటిలో కూర్చుండి యుండగా, ఆయన పేరైనను తెలియకుండ తిరిగి వెళ్లితిని. తెలిసియుండినచో రెండు అరటిపండ్లు పట్టుకొని వెళ్లి, "అయ్యా, మా యక్కయ్యకు చదువు నేర్పినది మీరు" అని చెప్పి వచ్చియుండెడివాడను. ఆ ఒక్క మాట ఆయనకు చేరలేదు. పేరు అచ్చువేయకుండుటవలన కలుగు నష్టము ఇది. రచయితకు కీర్తి పోవుట ఒక్కటే కాదు. పాఠకుడు తన ఋణము తీర్చుకొను త్రోవ మూసికొనిపోవును.

చందమామ పండ్రెండుకు మించిన భాషలలో వెలువడిన పత్రిక. 1998లో ఆగి, మరుసటి సంవత్సరాంతమున మరల ఆరంభమై, 2007లో చేతులు మారి, 2013 తరువాత అసలే నిలిచిపోయినది. ఇక క్రొత్త సంచిక తపాలాలో రాదు. మిగిలినవి మన యిండ్లలో నున్నవే. కృష్ణాడెల్టాలో అవి మిగులుట సులభము కాదు. మన నేల తేమ నేల. చెదలు మన తోబుట్టువులు. 1977 నవంబరు 19వ తేదీనాటి ఉప్పెన దివిసీమలో మనుష్యులనే తీసికొనిపోయినది. ఇక పెట్టెల మాట యెవ్వరు లెక్కించిరి? వానినన్నిటిని తప్పించుకొని నిలిచినవి నావంటివాని తక్కెడలో పడుచున్నవి. చెదలకన్న నేనే యెక్కువ తింటిని.

కావున నా విన్నపములు మూడు.

మొదటిది. ఇల్లు పడగొట్టునపుడు, వాటాలు పంచుకొనునపుడు, పాతకాగితములు కొనువానిని పిలుచుటకు ముందు, అటకమీది వానిని ఒక్కరోజు అరుగుమీద పరచి చూడుడు. చందమామయే కానక్కరలేదు. భారతి కావచ్చును, ఆంధ్రపత్రిక ఉగాది సంచిక కావచ్చును. మీకు అక్కరలేనిచో గ్రామ గ్రంథాలయమునకో, చదువుకొను పిల్లవానికో ఇచ్చివేయుడు. గ్రంథాలయమనగా మనకు క్రొత్త కాదు. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయము వెలసినది. 1914లో ఆంధ్రదేశపు మొదటి గ్రంథాలయ మహాసభ అచ్చటనే జరిగినది. 1935లో పాతూరి నాగభూషణంగారు కాలువలో పడవమీద పుస్తకములను ఊరూర త్రిప్పి, రేవులో ఆగి చదువరులకిచ్చిరి. పుస్తకమును మనయొద్దకు పడవమీద పంపిన పెద్దల బిడ్డలము మనము. దానిని రిక్షామీద తక్కెడకు పంపుట మనకు తగునా?

రెండవది. ఉన్నవానిని కాపాడుడు. పాత సంచికలను నేలమీద గాని, గోడకు ఆనించి గాని యుంచరాదు. బల్లమీద, గోడకు జానెడు ఎడముగా, గాలి తగులునట్లు పెట్టవలెను. ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టినచో లోపలి తేమ లోపలనే యుండి బూజు పట్టును. చినిగినచోట జిగురుబిళ్లలు అంటించరాదు. కొన్నాళ్లకు ఆ జిగురు పసుపుపచ్చని మరకయై అక్షరములను మ్రింగును. తుప్పు పట్టిన పిన్నులను మెల్లగా తీసి దారముతో కుట్టవలెను. ఎండలో పరచిన కాగితము పెళుసెక్కును గావున నీడలోనే ఆరబెట్టవలెను. మన పెద్దలు తాళపత్రములకు వాడిన వేపాకు నేటికిని మంచిదే. అన్నిటికన్న మంచిది సంవత్సరమునకు రెండు మూడుమారులు చేతులు కడుగుకొని పుటలు త్రిప్పుట. చదువబడు పుస్తకమును చెదలు తొందరగా ముట్టవు.

మూడవది. మనుమలకు చదివి వినిపింపుడు. నేటి పిల్లలలో తెలుగు మాటాడగలిగియు చదువలేనివారు పెరుగుచున్నారు. వారికి బొమ్మ ముందు పెట్టి మీరు చదువుడు. బేతాళకథలు కథాసరిత్సాగరములో ఇరువదియైదు. చందమామ ఆ లెక్క దాటి క్రొత్తవానిని వందలకొలదిగా అల్లినది. ప్రతి కథ చివరను ఒక ప్రశ్న యుండును. రాజు సమాధానము చెప్పుటకు ముందు మీరు ఆగి పిల్లవానిని అడుగుడు. వాడు చెప్పు తీర్పు మీకు ఆశ్చర్యము కలిగించును. కథ ముగిసిన తరువాత, వ్రాసినవారి పేరును, బొమ్మ వేసినవారి పేరును తప్పక చెప్పుడు. అచ్చు చెప్పని పేరును నోరు చెప్పవలెను.

ఆ దీపావళి సంచికను నేను తిరిగి ఇంటికి తెచ్చుకొనలేదు. ఆ చిన్నది దానిని రెండుదినములు తనయొద్ద నుంచుకొని, పుటపుటకు ఛాయాచిత్రము తీసి, ప్రతులు చేసి, మాకందరకు పంచినది. అసలుదానిని మేనల్లుని కూతురునకిచ్చితిని. ఆ బాలిక అంచులలోని పాత పెన్సిలు అక్షరములను చూచి, "ఇవి చెరిపివేయనా తాతయ్యా?" అని యడిగినది. వలదంటిని. అవి చందమామలోనివి కాకపోయినను, ఆ సంచికలో పలువురు చిత్రకారులు ఉన్నట్లే, పలువురు చదువరులును ఉన్నారు. వారి సంతకములు అవి.

చివరి పుట అంచున, మరీ పాత గీతలతో, నా పేరులోని మొదటి అక్షరము ఒకటి దిద్దియున్నది. ప్రక్కన అక్కయ్య పేరులోని మొదటి అక్షరము. అది ఆమె చేతివ్రాత. ఎప్పుడు వ్రాసినదో నేనెరుగను. చెదలు తినినవని నేను చెప్పిన అబద్ధమును ఆమె నమ్మినదో లేదో కూడ ఇక తెలియదు. ఆమె యున్నపుడు చెప్పవలసిన మాటను నేడు రేడియోద్వారా మీకు చెప్పుచున్నాను. అక్కయ్యా, వానిని చెదలు తినలేదు. నేనే అమ్మితిని.

పెద్దలారా, మీ అటకమీద ఏమున్నదో ఈ సాయంకాలము ఒక్కమారు చూడుడు. సెలవు.